గుడ్డ సంచి మీద మన పేరు

(ధరణికోట పొదుపు సంఘాల మహిళలకు చేసిన ప్రసంగం)



పొద్దంతా చేలో పని చేసి వచ్చారు. ఇంట్లో పొయ్యి మీద పని ఇంకా మిగిలే ఉంటుంది. అయినా వచ్చి కూర్చున్నారు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

మీలో కొందరు నన్ను ఒక మాట అడిగారు. "గుడ్డ సంచుల మీద, టీషర్టుల మీద రంగుల బొమ్మలు వేసే మిషన్ ఉందంట కదా! సంఘం తరఫున అప్పు తీసుకుని కొనుక్కోవచ్చా?" అని.

మంచి ప్రశ్న. దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేము. ముందు ఆ పని ఎట్లా జరుగుతుందో చెబుతాను. ఎక్కడ చెడిపోతుందో చెబుతాను. లెక్క ఎట్లా వేయాలో చెబుతాను. ఆ తర్వాత తీర్మానం చేసుకోవలసింది మీరే.

మన ఊళ్లో పేరు రాయడం కొత్తా?

మన ధరణికోట పాత పేరు ధాన్యకటకం. శాతవాహన రాజుల కాలంలో ఇది పెద్ద పట్నం. 1960ల్లో ఇక్కడ తవ్వకాలు జరిపారు. పడవలు ఆగే రేవు కట్టడం బయటపడింది. అంటే మన ఊరికి కృష్ణ మీదుగా సరుకులు వచ్చేవి, పోయేవి.

పక్కనే అమరావతి స్తూపం. దానికి వాడింది మన పల్నాటి సున్నపురాయి. ఆ రాళ్ల మీద బొమ్మలే కాదు, పేర్లు కూడా చెక్కారు. ఎవరు ఏ రాయి ఇచ్చారో రాశారు. అవన్నీ రాజుల పేర్లేనా? కాదు. వర్తకులు ఉన్నారు. ఇల్లాళ్లు ఉన్నారు. భిక్షుణులు ఉన్నారు.

విధికుడు అనే ఆయన తోలు పని చేసుకునేవాడు. పూర్ణఘటం చెక్కిన రాతి పలక ఒకటి ఇచ్చాడు. పూర్ణఘటం అంటే పూలతో నిండిన కుండ. తాను ఒక్కడే ఇచ్చానని రాయించుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇచ్చానని రాయించాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మాట ఇది. ఈనాటికీ ఆ పేరు చదువుకుంటున్నాం.

పేరు రాసి ఉన్న వస్తువును మనిషి పారేయడు. దాచుకుంటాడు. పెళ్లిలో ఇచ్చే తాంబూలం సంచి మీద పెళ్లికూతురి పేరు ఉంటే, ఆ సంచిని ఎవరైనా భద్రంగా మడిచి పెట్టుకుంటారు. ఈ వ్యాపారం అంతా నిలబడింది ఈ ఒక్క సంగతి మీదే.

మిషన్ లోపల ఏం జరుగుతుంది?

జిరాక్స్ షాపుకి మీరందరూ పోయి ఉంటారు. ఆధార్ కార్డు కాపీ తీయించుకుని ఉంటారు. కాగితం బయటికి వచ్చేటప్పుడు వెచ్చగా ఉంటుంది. గమనించారా? ఎందుకు వెచ్చగా ఉంటుంది?

దువ్వెనతో పొడి జుట్టును గబగబా దువ్వండి. దాన్ని చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరి దువ్వెనకు అంటుకుంటాయి. దువ్వెనలో కాస్త విద్యుత్తు పుట్టింది. అదే వాటిని లాగింది.

లేజర్ ప్రింటర్ కూడా అంతే. లోపల డోలు లాంటి గుండ్రని గొట్టం ఉంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. సన్నటి వెలుగు గీతతో మిషన్ దాని మీద బొమ్మ గీస్తుంది. ఆ వెలుగే లేజర్. గీసిన చోట రంగు పొడి అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదికి ఎక్కుతుంది. తర్వాత కాగితం వేడి రోలర్ల మధ్య నుంచి పోతుంది. పొడి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. అందుకే కాగితం వెచ్చగా బయటికి వస్తుంది.

ఆ పొడి పేరు టోనర్. అది సిరా కాదు. రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. వేడికి కరుగుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ పద్ధతి కనిపెట్టినాయన అమెరికాలోని చెస్టర్ కార్ల్‌సన్. పేదింటి బిడ్డ. తల్లికీ తండ్రికీ జబ్బు. చిన్నతనం నుంచే కూలి పనులు చేశాడు. పెద్దయ్యాక ఒక ఆఫీసులో పని. రోజూ కాగితాలకు నకళ్లు తీసీ తీసీ విసిగిపోయాడు. ఇంతకన్నా తేలిక దారి లేదా అని ఆలోచించాడు. 1938 అక్టోబర్ 22న మొదటి అచ్చు తీశాడు. దాని మీద ఏం రాశాడో తెలుసా? ఆ రోజు తేదీ, ఆ చోటు పేరు ఆస్టోరియా. అంతే! తర్వాత 1971 నాటికి గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు దానికి లేజర్ వెలుగును జోడించాడు.

రంగుల మిషన్‌లో నాలుగు టోనర్లు ఉంటాయి. ఆకాశ నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. ఈ నాలుగూ కలిపి అన్ని రంగులూ తెస్తుంది. ఒక్క తెలుపు మాత్రం రాదు. కాగితం ఎట్లాగూ తెల్లగానే ఉంటుంది కదా! మరి నల్ల గుడ్డ మీద అచ్చు వేస్తే? పసుపు కనిపించదు. ఎరుపు కనిపించదు. తెల్ల టోనర్ ఉన్న మిషన్లు లేకపోలేదు. కానీ వాటి ధర బాగా ఎక్కువ.

కాగితం దగ్గరే అసలు జాగ్రత్త

గుడ్డను నేరుగా ప్రింటర్‌లో పెట్టం. ముందు బొమ్మను ఒక ప్రత్యేకమైన కాగితం మీద అచ్చు తీస్తాం. దాని పేరు ట్రాన్స్‌ఫర్ పేపర్. తర్వాత ఆ కాగితాన్ని గుడ్డ మీద బోర్లించి, వేడిగా ఒత్తుతాం. కాగితం మీది పూత బొమ్మతో సహా గుడ్డకు అంటుకుంటుంది. కాగితాన్ని ఊడదీసి పారేస్తాం.

ఈ కాగితాల్లో రకాలు ఉన్నాయి.

ఒకటి, తెల్ల గుడ్డకు వాడేది. దీని పూత కంటికి కనబడదు. కానీ బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ పూత కూడా గుడ్డకు అంటుకుంటుంది. కొన్నాళ్లకు అది పసుపు పచ్చగా మారవచ్చు. అందుకే బొమ్మ అంచు వెంట కత్తెరతో చక్కగా కత్తిరించాలి.

రెండు, ముదురు రంగు గుడ్డకు వాడేది. దీని మీద తెల్లటి పొర ఉంటుంది. ఆ పొర మీద బొమ్మ నిలుస్తుంది.

మూడు, జంట కాగితాలు. మొదటి దాని మీద అచ్చు తీస్తాం. రెండో కాగితంతో కలిపి ఒత్తుతాం. టోనర్ ఉన్న చోట మాత్రమే జిగురు అంటుకుంటుంది. కత్తిరించే పని ఉండదు. బాగుంటుంది. కానీ ఖర్చు ఎక్కువ. చేయి తిరగాలి. ప్రతి ప్రింటర్‌తోనూ కుదరదు.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. సిరాతో అచ్చు వేసే ప్రింటర్లు వేరే ఉన్నాయి. వాటిని ఇంక్‌జెట్ అంటారు. వాటి ట్రాన్స్‌ఫర్ పేపర్ కూడా చూడడానికి ఇట్లాగే ఉంటుంది. దాన్ని పొరపాటున లేజర్ ప్రింటర్‌లో పెట్టారనుకోండి. లోపల వేడి రోలర్లు ఉన్నాయని చెప్పాను కదా! ఆ వేడికి కాగితం పూత కరిగిపోతుంది. రోలర్‌కు చుట్టుకుంటుంది. ఒక్క కాగితం మిషన్‌నే పాడు చేయగలదు.

కాబట్టి ప్యాకెట్ మీద 'లేజర్' అని ఉందో, 'ఇంక్‌జెట్' అని ఉందో చూడకుండా కాగితం తీయకూడదు. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఆ రెండు మాటలూ ఎట్లా ఉంటాయో ఒక అట్ట మీద రాయించి, మిషన్ పక్కన గోడకు కట్టుకోండి. అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

"కప్పుల మీద ఫొటోలు వేస్తారు కదా, అది కూడా ఇదేనా?" అని అక్కడ ఒక చెల్లి అడుగుతోంది. కాదమ్మా. దాన్ని సబ్లిమేషన్ అంటారు. ఆ సిరా వేరు. అది పాలిస్టర్ గుడ్డకు, పైన పూత ఉన్న కప్పులకు పడుతుంది. నూలు గుడ్డ మీద నిలవదు. ఎవరైనా మీకు ఒక మిషన్ చూపించి "దీంతో అన్నీ వేయవచ్చు" అంటే వెంటనే నమ్మకండి. "నేను తెచ్చిన నూలు సంచి మీద వేసి చూపించండి" అనండి.

అద్దంలో అక్షరాలు

ముగ్గు వేసిన కాగితాన్ని బోర్లిస్తే ఏమవుతుంది? కుడి ఎడమ అవుతుంది. ఎడమ కుడి అవుతుంది. ట్రాన్స్‌ఫర్ పేపర్‌ను కూడా బోర్లిస్తాం కదా! అందుకని తెల్ల గుడ్డకు వాడే కాగితం మీద బొమ్మను తిరగేసి అచ్చు తీయాలి. అద్దంలో కనిపించినట్టు ఉండాలి. అప్పుడు గుడ్డ మీదికి సరిగా వస్తుంది.

ముదురు గుడ్డ కాగితాల్లో కొన్నింటికి తిరగేయక్కర లేదు. అవి పూతను ఊడదీసి, బొమ్మ పైకి ఉండేటట్టు పెట్టి ఒత్తేవి. మీరు కొన్నది ఏ రకమో ప్యాకెట్‌లో రాసి ఉంటుంది.

పూల బొమ్మ తిరగబడినా ఎవరూ కనిపెట్టరు. పేరు తిరగబడితే సంచి దండగే. అందుకే కాగితాన్ని గుడ్డ మీద పెట్టే ముందు అద్దం ముందు పట్టుకోండి. అద్దంలో పేరు సరిగా చదవగలిగితే ఒత్తండి. చదవలేకపోతే ఆపండి.

ఇంకో సంగతి. తెలుగు అక్షరాలు ఫోన్‌లో ఒక తీరుగా ఉంటాయి. షాపు కంప్యూటర్‌లోకి పోయేసరికి ఒత్తు ఒక పక్కకీ, గుడి ఒక పక్కకీ పోతాయి. అట్లా కాకుండా, పేరును ఫొటో లాగా గానీ, పీడీఎఫ్ లాగా గానీ పంపించాలి. అప్పుడు అక్షరాలు చెదరవు.

ఒక కాగితం తీసి, మొదట మామూలు తెల్ల కాగితం మీద అచ్చు తీయండి. పేరు పైకి చదవండి. ఒకరు చదివితే చాలదు. ఇద్దరు చదవాలి. దీర్ఘం పోయిందా? ఒత్తు పోయిందా? ఆర్డర్ ఇచ్చిన వాళ్లకు చూపించండి. "సరిగా ఉంది" అని వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం జాగ్రత్త చేయండి. వంద సంచులు వేశాక "మా అమ్మాయి పేరు తప్పు" అంటే ఆ నష్టం ఎవరిది? సంతకం లేకపోతే మీదే.

చూశారా? అక్షరాలు నేర్చుకున్నది సంతకానికే కాదు. ఇక్కడ మీ కన్ను డబ్బు కాపాడుతుంది.

వేడి, సమయం, ఒత్తిడి

గుడ్డ మీద ఒత్తే మిషన్‌ను హీట్ ప్రెస్ అంటారు. కింద బల్ల, పైన వేడెక్కే ఇనప పలక. వేడి ఎంతో, ఎన్ని సెకన్లో అంకెల్లో కనిపిస్తుంది.

దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. పెనం కాలకపోతే దోసె అంటుకుపోతుంది. బాగా కాలితే మాడిపోతుంది. ఇదీ అంతే. వేడి తక్కువైతే బొమ్మ సగం కాగితం మీదే ఉండిపోతుంది. ఎక్కువైతే గుడ్డ కమిలిపోతుంది.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. చాలా లేజర్ ట్రాన్స్‌ఫర్ పేపర్లకు 150 నుంచి 190 డిగ్రీల దాకా వేడి కావాలి. సమయం 15 నుంచి 30 సెకన్ల దాకా ఉంటుంది. కంపెనీని బట్టి ఇది మారుతుంది. మీరు కొన్న ప్యాకెట్ మీద ఏ అంకె రాసి ఉంటే అదే పెట్టాలి.

పని ఈ వరసలో చేయండి.

1. గుడ్డను మొదట ఉతికి ఆరబెట్టండి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. గంజి ఉంటే బొమ్మ పట్టదు.
2. ముడతలు లేకుండా పరచండి. కుట్టు, గుండీ, జిప్పు పలక కిందికి రాకూడదు.
3. ఉత్త గుడ్డను ఒక ఐదు సెకన్లు ఒత్తండి. లోపలి చెమ్మ పోతుంది.
4. కాగితం పెట్టి, చెప్పినంత సేపు ఒత్తండి.
5. కొన్ని కాగితాలను వేడి మీదే ఊడదీయాలి. కొన్నింటిని చల్లారాక ఊడదీయాలి. ఇది కూడా ప్యాకెట్ మీద ఉంటుంది.
6. ఒక రోజు దాకా ఉతకవద్దు.

వానాకాలం కాగితానికి చెమ్మ పడుతుంది. చెమ్మ పట్టిన కాగితం మిషన్‌లో ఇరుక్కుంటుంది. వాడగా మిగిలిన కాగితాలను ప్యాకెట్‌లోనే పెట్టి మూయండి.

"ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంది కదా, దాంతో చేయకూడదా?" నేర్చుకోవడానికి చేయవచ్చు. అమ్మడానికి చాలదు. ఇస్త్రీ పెట్టె వేడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చేతి ఒత్తిడి కూడా అంతే. రెండు ఉతుకులకు బొమ్మ లేచిపోతుంది. మాట పోతుంది.

హీట్ ప్రెస్‌కు కరెంటు బాగా కావాలి. మామూలు సైజుది 1500 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్యాన్ పెట్టుకునే చిన్న ప్లగ్గులో పెట్టవద్దు. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. ఎర్త్ తప్పకుండా ఉండాలి. పసిపిల్లలను దగ్గరికి రానీయకండి. కొంగు నడుముకు బిగించి పని చేయండి. కిటికీ తెరిచి ఉంచండి. టోనర్ పొడి ఒలికితే చీపురుతో ఊడవకండి. గాలిలో లేస్తుంది. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి. వేడి నీళ్లు వద్దు. ఎందుకో మీకే తెలుసు. టోనర్ వేడికి కరిగి అంటుకుంటుంది.

ఏ సంచి మీద వేయాలి?

నూలు గుడ్డ మంచిది. కోరా గుడ్డ సంచి, మందపాటి కాన్వాసు సంచి బాగా పడతాయి. నూలూ పాలిస్టరూ కలిసినవి కూడా పనికి వస్తాయి. నైలాన్ పనికిరాదు. వేడికి కుంచించుకుపోతుంది.

బట్టల షాపుల్లో ఇచ్చే పల్చటి రంగు సంచులు చూశారు కదా? గుడ్డ లాగా ఉంటాయి. నాన్-వోవెన్ సంచులు అంటారు. వాటిలో ఎక్కువ భాగం గుడ్డ కాదు. అది ప్లాస్టిక్కే. హీట్ ప్రెస్ కింద పెడితే ముద్ద అయిపోతుంది. అనుమానం ఉంటే ఒక పోగు లాగి నిప్పు దగ్గర పెట్టండి. నూలు బూడిద అవుతుంది. ప్లాస్టిక్ కరిగి ఉండ కడుతుంది.

2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో చాలా వాటిని దేశమంతటా నిషేధించారు. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులు కూడా కూడదన్నారు. గుడ్డ సంచికి గిరాకీ పెరగడానికి ఇదొక కారణం. అయితే నిజం చెప్పుకోవాలి. మన అచ్చులో ఉన్న టోనర్, పూత కూడా ప్లాస్టిక్ జాతివే. సంచి నిండా బొమ్మ వేయకండి. చిన్న బొమ్మ చాలు. ఖర్చు తగ్గుతుంది. సంచి మెత్తగా ఉంటుంది.

కొనేవాళ్లకు ఒక చీటీ ఇవ్వండి. "లోపలి వైపు పైకి తిప్పి, చల్లటి నీళ్లలో ఉతకండి. బొమ్మ మీద ఇస్త్రీ చేయకండి. బండకేసి బాదకండి." ఈ మూడు మాటలు చాలు.

మనకు ఏ పని తగింది?

కృష్ణా జిల్లా పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ అద్దకం చేస్తారు. చెక్క అచ్చులు చెక్కి, రంగులో ముంచి, గుడ్డ మీద చేత్తో అద్దుతారు. అది తరాల విద్య. మన అచ్చు అది కాదు. కలంకారీ బొమ్మను ప్రింటర్‌లో తీసి, సంచి మీద ఒత్తి, "ఇది కలంకారీ" అని అమ్మకూడదు. అది ఆ కార్మికుల పొట్ట కొట్టడమే. మచిలీపట్నం కలంకారీ పేరుకు చట్టం రక్షణ కూడా ఉంది.

ఇంకొకటి స్క్రీన్ ప్రింటింగ్. చట్రానికి బిగించిన జల్లి గుడ్డలోంచి రంగు దించుతారు. ఒకే బొమ్మ 500 సంచుల మీద కావాలంటే అదే చవక. మనం వాళ్లతో పోటీ పడలేం.

మరి మనది ఎక్కడ గెలుస్తుంది? తక్కువ సంచులు, వేరు వేరు పేర్లు కావాల్సిన చోట. ఓణీల ఫంక్షన్‌కు 60 తాంబూలం సంచులు. గృహప్రవేశానికి 40. అంగన్‌వాడీ పిల్లలు 25 మంది, ఒక్కొక్కరి పేరుతో ఒక సంచి. ఇట్లాంటి చిన్న ఆర్డర్లు పెద్ద ప్రెస్సులు తీసుకోవు. అవి మనవి.

అమరావతికి వచ్చే యాత్రికులు ఉన్నారు. అమరేశ్వరస్వామి గుడికి వస్తారు. మ్యూజియానికి, ధ్యానబుద్ధుడి దగ్గరికి వస్తారు. వాళ్లు మన ఊరి గుర్తుగా ఏం తీసుకుపోతున్నారు? ఎక్కడో తయారైన బొమ్మ. దాని బదులు మన రాళ్ల మీది తామర పువ్వు, మన పూర్ణఘటం, శాతవాహనుల నాణెం మీది తెరచాప ఓడ సంచి మీద వేసి ఇస్తే? కింద 'ధరణికోట' అని తెలుగులో రాస్తే?

బొమ్మ ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త ఉంది. సినిమా హీరో ఫొటో, కంపెనీ గుర్తు, వేరే వాళ్లు తీసిన ఫొటో అనుమతి లేకుండా వేసి అమ్మకూడదు. పూర్ణఘటం మన రాష్ట్ర చిహ్నంలో 2018 నుంచి ఉంది. ఆ ప్రభుత్వ ముద్రను ఉన్నది ఉన్నట్టు వేయకూడదు. రాతి మీది కుండను చూసి మన పిల్లల చేత వేరేగా గీయించండి. దేవుడి బొమ్మ, బుద్ధుడి బొమ్మ సంచి మీద వద్దు. సంచిని నేల మీద పెడతారు. ఎవరి మనసైనా నొచ్చుకుంటుంది.

ఇప్పుడు లెక్క

పలకలు తీయండి. ఇక్కడ చెప్పే ధరలు లెక్క నేర్చుకోవడానికి నేను వేసుకున్నవి. అసలు ధరలు గుంటూరులో, విజయవాడలో మూడు షాపులు తిరిగి మీరే రాసుకోవాలి.

100 సంచుల ఆర్డర్ వచ్చింది అనుకుందాం. పది మంచి సంచులు వచ్చేసరికి ఒకటి చెడిపోతుంది అనుకుందాం. అంటే 110 సంచులు కావాలి. ఒక కాగితం మీద రెండు బొమ్మలు వస్తాయి. అంటే 55 కాగితాలు.

సంచులు: 110 × 30 = 3,300 రూపాయలు
కాగితం: 55 × 40 = 2,200 రూపాయలు
టోనర్: 110 × 5 = 550 రూపాయలు
కరెంటు, ప్యాకింగ్: 200 రూపాయలు
బస్సు, ఆటో ఖర్చు: 250 రూపాయలు
మొత్తం: 6,500 రూపాయలు

సంచి 90 రూపాయలకు అమ్మితే 9,000 వస్తాయి. మిగిలింది 2,500.

"బాగానే ఉందే!" అంటున్నారు. ఆగండి. పని చేసింది ఎవరు? ఇద్దరు రెండు రోజులు చేశారు. రోజుకు 400 చొప్పున నాలుగు కూళ్లు, 1,600. మన కూలిని మనం లెక్కలో వేయం. ఇంటి పని లాగా ఊరికే పోనిస్తాం. అట్లా పోనియ్యకండి. చేనుకు పోతే ఆ కూలి వచ్చేది కదా!

2,500లో 1,600 తీస్తే 900 మిగిలింది. అప్పు వాయిదా కట్టవలసింది ఈ 900లోంచి. మిషన్ల అప్పుకు నెలకు 4,500 వాయిదా అనుకుందాం. 900 చొప్పున ఎన్ని ఆర్డర్లు కావాలి? ఐదు. అంటే ప్రతి నెలా 500 సంచులు అమ్మాలి. ఆషాఢంలో కూడా అమ్మాలి. మూఢంలో కూడా అమ్మాలి. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు. వాయిదా మాత్రం ఉంటుంది.

అందుకని మెట్టు మెట్టుగా పోదాం.

మొదటి మెట్టు. ప్రింటర్ కొనవద్దు. కాగితం అచ్చు పట్నంలో తీయించండి. అన్ని షాపుల వాళ్లూ ఈ కాగితాన్ని తమ మిషన్‌లో పెట్టనివ్వరు. అడిగి, ప్యాకెట్ చూపించి, ఒప్పించాలి. కాగితంతో సహా ఒక అచ్చుకు 60 తీసుకున్నారు అనుకుందాం. 55 కాగితాలకు 3,300. అప్పుడు మన మొత్తం ఖర్చు 7,050 అవుతుంది. కూళ్లు పోను 350 మిగులుతుంది. లాభం తగ్గింది. కానీ ప్రింటర్ అప్పు లేదు. నేర్చుకునే రోజుల్లో ఇదే మంచిది.

రెండో మెట్టు. హీట్ ప్రెస్ ఒక్కటి కొనండి. అది ప్రింటర్ కన్నా మొరటు మిషన్. తొందరగా చెడిపోదు.

మూడో మెట్టు. ఆరు నెలల ఆర్డర్లు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చూసి ప్రింటర్ సంగతి తేల్చుకోండి.

ప్రింటర్ అమ్మే ఆయనను ఏమడగాలి?

మిషన్ ధర ఒక్కటే అడిగితే చాలదు. ఇవి అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.

నాలుగు టోనర్ల ధర ఎంత? ఒక్కో టోనర్‌తో ఎన్ని కాగితాలు వస్తాయి? మిషన్‌తో పాటు వచ్చే టోనర్ నిండుగా ఉందా, సగమేనా? డ్రమ్ము ఎన్నాళ్లకు మార్చాలి? ఏ ట్రాన్స్‌ఫర్ పేపర్ దీనికి సరిపోతుంది? ఆ కాగితం వాడితే గ్యారంటీ పోతుందా? బాగు చేసే మనిషి ఎక్కడ ఉంటాడు? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

"మీరు తయారు చేయండి, మేమే కొంటాం, ఇంట్లో కూర్చుని వేలు సంపాదించండి" అనే ప్రకటనలు వస్తుంటాయి. ముందు మిషన్ డబ్బు తీసుకుంటారు. తర్వాత సరుకు తీసుకుపోతే "నాణ్యత లేదు" అంటారు. లేదా ఫోన్ ఎత్తరు. సరుకు కొనేవాళ్లు ఊళ్లో ఉండాలి, మండలంలో ఉండాలి. మిషన్ అమ్మేవాడే సరుకు కొంటానంటే అక్కడే ఆగి ఆలోచించండి.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. వాటిలో శిక్షణకు ఫీజు ఉండదు. ఈ పని నేర్పుతారేమో మీ సంఘం లీడరు పోయి అడగాలి.

చివరిగా ఒక మాట. ఈ డబ్బు ఎవరిది? వారం వారం చీర కొంగున ముడి వేసి దాచింది. ఎవరో ఒకరు "కొందాం" అంటే మిగతా వాళ్లు తల ఊపకండి. తీర్మానాల పుస్తకంలో ధర రాయండి, వాయిదా రాయండి, నెలకు ఎన్ని సంచులు అమ్మాలో రాయండి. రాసింది అందరూ చదవండి. చదివాక అర్థం కాకపోతే అడగండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

నాకు తెలిసింది చెప్పాను. వచ్చే సమావేశానికి మూడు షాపుల ధరలు రాసుకుని రండి. కూర్చుని లెక్క వేద్దాం.

సెలవు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పోయిన ఏడాది ఎన్ని పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు జరిగాయి? ఏ నెలల్లో జరిగాయి?
2. సంచి 80 రూపాయలకు అమ్మితే పైన చెప్పిన లెక్క ఎట్లా మారుతుంది? కూళ్లు గిడతాయా?
3. మీ కూలిని లెక్కలో వేయకపోతే ఎవరికి లాభం? ఎవరికి నష్టం?
4. సంచి మీద మీ ఊరి గుర్తుగా ఏ బొమ్మ వేస్తారు? గీసి చూపించండి.

కొత్త మాటలు

టోనర్: లేజర్ ప్రింటర్‌లో వాడే రంగు పొడి.
ట్రాన్స్‌ఫర్ పేపర్: బొమ్మను గుడ్డ మీదికి దించే పూత కాగితం.
హీట్ ప్రెస్: వేడి పలకతో ఒత్తే మిషన్.
పూర్ణఘటం: పూలతో నిండిన కుండ.
వాయిదా: అప్పులో నెల నెలా కట్టే భాగం.